ఎనిమిదో పుల్ల

జొన్నాడ వంతెన మీద కారు ఆగిపోయింది. ముందు ఇసుక లారీ, దాని ముందు కొబ్బరికాయల లారీ, ఆ ముందు ఏముందో కనబడటం లేదు. వెనక సీట్లో హైమ ఒళ్ళో తల పెట్టుకుని మేస్త్రి మూలుగుతున్నాడు. వాడి పొట్ట డోలులా బిగిసిపోయింది. దాని మీద చెయ్యి ఆనితే చాలు, నాలుగు కాళ్ళూ ఒక్కసారి ముడుచుకుంటున్నాయి.

"హారన్ కొట్టండి," అంది హైమ.

"కొడితే లారీ గోదాట్లోకి దూకుతుందా?" అన్నాడు ఉదయ్‌భాస్కర్. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

భర్త పక్కన, ముందు సీట్లో, అత్తగారు సీతారామలక్ష్మి మడిబట్టతోనే కూర్చుని ఉంది. పొద్దున్న మేస్త్రి పెరట్లో కూలబడిపోతే ఇద్దరూ దుప్పట్లో ఎత్తి కారెక్కిస్తుండగా, పూజ మధ్యలో లేచి వచ్చి, ఎవరూ పిలవకుండానే తలుపు తీసుకుని కూర్చుంది. "ఒక్కదాన్నీ ఇంట్లో ఏం చెయ్యను" అంది.

రెండేళ్ళ క్రితం "ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అన్న మనిషి ఆవిడే. కొత్తపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో ఇల్లు కడుతున్న రోజులవి. ఎక్కణ్ణుంచో వచ్చిన గోధుమరంగు కుక్కపిల్ల ఇసుక గుట్టెక్కి, పనివాళ్ళని అజమాయిషీ చేస్తున్నట్టు పొద్దస్తమానం చూస్తూ కూర్చునేది. మేస్త్రి అని పేరు పెట్టింది తాపీపనివాళ్ళే. ఇల్లు పూర్తయింది, వాళ్ళు వెళ్ళిపోయారు, మేస్త్రి ఉండిపోయాడు. అత్తాకోడళ్ళ మధ్య చివరికి కుదిరిన ఒప్పందం ఒకటే: కుక్క వంటింటి గడప తొక్కకూడదు, దాని పళ్ళెం ఆవిడ కంట పడకూడదు. ఆవిడ వాణ్ణి పేరు పెట్టి పిలవగా హైమ ఎప్పుడూ వినలేదు. "ఆ జంతువు" అనేది.

హైమ రావులపాలెంలో టీచరు. ఆరింటి బస్సు దిగేసరికి మేస్త్రి స్టాపులో ఉంటాడు. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదు. నిన్న, శనివారం, రాలేదు. ఇంటికొచ్చి చూస్తే కొట్టం వెనక వాంతి చేసుకుంటున్నాడు. ఏదో తిన్నాడులే, తగ్గిపోతుందనుకున్నారు. తెల్లారేసరికి ఇదీ పరిస్థితి.

"మందే," అంది హైమ. "ఎలకల మందు పెట్టేశారు. గంగరాజుగారు అన్నంత పనీ చేశారు."

పక్కింటి గంగరాజు బాతులు పెంచుతాడు. పోయిన నెల మేస్త్రి గోడ దూకి రెండు బాతుల్ని పట్టేశాడు. మర్నాడు పాలకేంద్రం దగ్గర పదిమంది ముందు, "ఈసారి నా పెరట్లో కనబడితే ఆ కుక్క ఉండదు" అన్నాడతను.

ఉదయ్‌భాస్కర్ అద్దంలోంచి భార్య ముఖం చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. ఇసుక లారీ నాలుగడుగులు కదిలింది.

"గంగరాజు కాకపోతే?" అన్నాడు నెమ్మదిగా.

"ఇంకెవరుంటారు?"

"గురువారం ఊరంతా చేలల్లో ఎలకల మందు పెట్టించాం కదా. నేనే పంచాను పొట్లాలు." అతను ఆ ఊరి వ్యవసాయ సహాయకుడు. బొరియల్లో పెట్టడానికి నూకల్లో మందూ నూనే కలిపి పొట్లాలు కట్టించడం అతని పనే. "మూడు పొట్లాలు మిగిలాయి. ఇంటికి తెచ్చి కొట్టంలో పెట్టాను. ఆఫీసులో అప్పజెప్పడం మర్చిపోయాను."

హైమ చటుక్కున తలెత్తింది.

"కుక్క తిరిగే కొట్టంలోనా?"

"మేకుకి తగిలించాను హైమా. పైన. అందదనుకున్నాను."

ముందు సీట్లోంచి, తల తిప్పకుండానే, సీతారామలక్ష్మి చాలా చిన్న గొంతుతో అంది. "మేస్త్రీ. ఓర్చుకోరా. వచ్చేశాం."

మూలుగుతున్న కుక్క తోక సీటు మీద ఒకసారి కొట్టుకుంది.

హైమకి అది వింతగానే తోచింది. కానీ అంతలో దారి తెరుచుకుంది, కారు ముందుకి ఉరికింది. ఇక ఆ సంగతి ఆలోచించే తీరిక లేకపోయింది.

* * *

రాజమండ్రిలో డాక్టర్ ఫణిశ్రీ పశువుల ఆసుపత్రి ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. ఉదయ్ దారిలోంచే ఫోన్ చెయ్యడంతో బల్ల సిద్ధంగా ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో ఆవిడకి. పొట్ట నొక్కి చూసింది, చిగుళ్ళు చూసింది, స్కానింగ్ గొట్టం ఆనించింది, ఎక్స్‌రే తీయించింది, సూది గుచ్చి పొట్టలోంచి కాస్త నీరు లాగింది. ఎర్రగా, మురికిగా వచ్చింది.

పక్కన కాంపౌండర్ ఎజ్రా అట్టకి బిగించిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. జుట్టంతా నెరిసిన మనిషి. "ఆఖరిసారి ఏం తిన్నాడండి? ఎవరు పెట్టారండి? ఈ రెండు గళ్ళూ నింపితే గాని డాక్టరుగారు ఊరుకోరండి."

"నిన్న పొద్దున్న పెరుగన్నం. నేనే పెట్టాను," అంది హైమ. "సగం వదిలేశాడు. అంటే, రోజూ పొద్దున్న సగం వదిలేస్తాడు."

"సగం తినే కుక్క ఇరవై ఎనిమిది కేజీలుందా?" అంది ఫణిశ్రీ, కుక్క మీంచి చూపు తిప్పకుండా. "ఇంకెవరో పెడుతున్నారు దీనికి. ఎవరు?"

సీతారామలక్ష్మి గుమ్మం బయటే నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"సరే, వినండి," అంది డాక్టరు. "పొట్టలో నీరు చేరింది. దీనికి నాకు రెండు కారణాలు కనబడుతున్నాయి. పేగుకి ఎక్కడో చిల్లు పడి ఉండాలి. అదైతే గంటలోపు కొయ్యాలి, లేకపోతే సాయంత్రం దాకా ఉండడు. లేదంటే మీరంటున్న ఎలకల మందు. ఆ మందు తిన్న ఒంట్లో రక్తం గడ్డకట్టదు. లోపల కారుతూ ఉంటుంది. అదైతే నేను కత్తి పెట్టకూడదు. పెడితే ఆగదు."

"పరీక్ష ఉంటుంది కదండీ?" అన్నాడు ఉదయ్.

"చేస్తున్నాం." ఆవిడ ఎజ్రా వైపు చూసింది. అతను అట్ట పక్కన పెట్టి, గాజు గొట్టంలో మేస్త్రి రక్తం పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిమిషానికోసారి వంచి చూస్తున్నాడు. వంచినప్పుడల్లా రక్తం నీళ్ళలా జారుతోంది. అయిదు నిమిషాలు. ఎనిమిది. పదకొండు. పధ్నాలుగో నిమిషంలో గొట్టం వంచితే రక్తం కదల్లేదు.

"గట్టిపడిందండి," అన్నాడు ఎజ్రా.

"ఆలస్యంగా." ఫణిశ్రీ పెదవి కొరుక్కుంది. "ఇది ఎటూ తేల్చదు. మందు ఇప్పుడిప్పుడే పనిచెయ్యడం మొదలెట్టినా ఇలాగే ఉంటుంది. చిల్లు పడి చీము ఒంట్లోకి పాకినా ఇలాగే ఉంటుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. వీడు ఏం తిన్నాడో మీరే చెప్పాలి. ఊహించి చెప్పద్దు. తెలుసుకుని చెప్పండి. అరగంట చూస్తాను."

హైమ ఫోను తీసుకుని వరండాలోకి వచ్చింది, వెనకే ఉదయ్ వచ్చాడు. గంగరాజు రెండో రింగుకి ఎత్తాడు.

"గంగరాజుగారూ, నేను హైమని. ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. మా మేస్త్రికి మందు పెట్టారా?"

"అదేం మాటండీ అమ్మాయిగారూ?"

"ఈసారి కనబడితే ఉండదన్నది మీరే కదా."

"అన్నానండి, ఆయ్. కోపమొస్తే మా ఆవిణ్ణి కూడా అంటానండి. ఇరవయ్యేళ్ళనించీ అంటున్నాను, రాయిలా ఉందండి." అతని గొంతు మారింది. "నా పెరట్లో నలభై బాతులున్నాయండి. నూకల్లో మందు కలిపి పెడితే ముందు చచ్చేవి అవేనండి. గురువారం నా వాటా పొట్లం కూడా పట్టుకెళ్ళలేదు. మీ ఆయన్నే అడగండి."

హైమ ఉదయ్ వైపు చూసింది. స్పీకరులో అంతా విన్న అతను తలూపాడు. "నిజమే. ఆయన సంతకం పెట్టలేదు. బాతులున్నాయి, వద్దన్నాడు."

పొద్దుటినుంచీ గుండెల్లో మోస్తున్న అనుమానం ఒక్క మాటతో ఊడిపోయింది. దాని చోట ఇంకా పెద్దది వచ్చి కూర్చుంది. గంగరాజు కాకపోతే మిగిలింది కొట్టంలోని పొట్లాలే.

"గంగరాజుగారూ, తప్పుగా అన్నాను. తర్వాత ఏమన్నా అనండి, పడతాను. ఇప్పుడు మాత్రం గోడ దిగి మా కొట్టంలోకి వెళ్ళండి. మేకుకి మూడు పొట్లాలు ఉండాలి."

"వీడియో పెట్టండి. మళ్ళీ నేనేదో చేశానంటారు."

ఫోనులో గోడ, ఆకాశం, గంగరాజు మోకాలు కనబడ్డాయి. కొట్టం చీకటిగా ఉంది. అతను టార్చి వేశాడు. మేకుకి తెల్లటి సంచి వేలాడుతోంది. చెయ్యి లోపల పెట్టి ఒక్కొక్కటే పైకి తీశాడు.

"ఒకటండి. రెండండి." సంచిలో చెయ్యి కాసేపు తడుముకుంది. ఉదయ్ గోడకి ఆనుకున్నాడు. "మూడండి. అడుక్కి జారిపోయింది. కట్టిన దారాలు కట్టినట్టే ఉన్నాయండి, ఆయ్."

ఉదయ్ గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు. హైమ మాత్రం ఫోనుని వదల్లేదు. "కొట్టం వెనక నిన్న వాంతి చేసుకున్నాడండి. అదొకసారి చూపించండి."

"అదీ చూపించాలా? పర్లేదు, బాతుల దగ్గర ఇంతకన్నా ఘోరాలు చూశాను." చిన్న కర్రపుల్ల తెరమీదికి వచ్చి వాంతిని కెలికింది. "ఏదో ఆకండి. పచ్చగా, దళసరిగా. ఆకుకి పుల్ల గుచ్చి ఉందండి. ఫొటో తీసి పంపుతా."

ఫొటో వచ్చింది. హైమ పరుగున లోపలికి వెళ్ళి డాక్టరు కళ్ళ ముందు పెట్టింది. ఫణిశ్రీ రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి ఒక్క క్షణం చూసింది.

"మాది అమలాపురమండి," అంది. "ఇది నాకు చెప్పక్కర్లేదు. పొట్టిక్క బుట్ట."

కోనసీమలో పుట్టినవాళ్ళకి ఎవరికీ చెప్పక్కర్లేదు. పనసాకులు నాలుగు కలిపి, కొబ్బరి ఈనెని సన్నగా చీల్చిన పుల్లలు గుచ్చి బుట్టలా కుడతారు. అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. శనివారం పొద్దున్న హైమ వాళ్ళింట్లో ఆ పొట్టిక్కలే టిఫిను. మనుషులైతే ఆకు విప్పి, పుల్లలు పక్కన పడేసి తింటారు.

"బుట్టతో సహా మింగేశాడు," అంది ఫణిశ్రీ. చేతులు అప్పుడే కడుక్కుంటోంది. "ఈనెపుల్ల ఎక్స్‌రేకి కనబడదు. సూదిలా ఉంటుంది. పేగుని పొడిచింది. కొయ్యాలి, ఇప్పుడే."

"ఒకవేళ చేలో మందు కూడా తిని ఉంటే?" అన్నాడు ఉదయ్.

"ఉంటే బల్ల మీదే పోతాడు. సంతకం ఎవరు పెడతారు?"

ఉదయ్ కాగితం వైపు చూశాడు గాని చెయ్యి చాపలేదు. హైమ పెన్ను లాక్కుని సంతకం పెట్టేసింది.

* * *

ఆపరేషను గది తలుపుకి చిన్న అద్దం ఉంది. దానికి లోపల ఆకుపచ్చ గుడ్డ కట్టారు. హైమ దాని ముందే నిలబడింది. సీతారామలక్ష్మి బెంచీ చివర కూర్చుని ఉంది. ఫొటో వచ్చినప్పటినుంచీ ఆవిడ ముఖంలో రక్తం లేదు. ఉదయ్ మంచినీళ్ళ సీసా ఇస్తే పక్కన పెట్టేసింది.

నలభై నిమిషాలయ్యాక తలుపు సగం తెరుచుకుంది. ఫణిశ్రీ చేతి తొడుగులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"చిల్లు దొరికింది, కుట్టాను. ఆకు ముద్ద తీశాను. పుల్లలు ఆరు దొరికాయి. ఇంకా ఉన్నాయా, అయిపోయాయా? ఒక్కొక్కరిది ఒక్కో కుట్టు. హోటలు బుట్టకి రెండే పుల్లలుంటాయి. కొందరు మూడు గుచ్చుతారు. వీడు ఎన్ని బుట్టలు మింగాడో నాకు తెలీదు. గుండె నెమ్మదిస్తోంది. ఇంకో పది నిమిషాలు మత్తులో ఉంచగలను. అన్నీ వచ్చేశాయంటే మూసేస్తాను. లేదంటే ఆ పది నిమిషాలూ వెతుకుతాను. వెతికితే వాడికి ప్రమాదమే, వదిలేస్తే అంతకన్నా ప్రమాదం. చెప్పండి."

హైమ ఉదయ్‌ని చూసింది. అతను ఆమెని చూశాడు. ఇద్దరికీ తెలీదు.

"ఫొటోలోది ఒకటి," అంది బెంచీ మీంచి సీతారామలక్ష్మి. "మీకు దొరికినవి ఆరు. ఇంకోటి ఉండాలమ్మా. మొత్తం ఎనిమిది."

"కచ్చితమా, మామ్మగారూ?"

"బుట్టకి నాలుగు పుల్లలు. మా పుట్టింటి కుట్టు. రెండు బుట్టలు."

ఫణిశ్రీ ఎలా తెలుసని అడగలేదు. తలుపు మూసుకుంది.

ఆ పది నిమిషాలూ హైమ గోడ గడియారాన్నే చూస్తూ నిలబడింది. నాలుగో నిమిషంలో లోపల ఏదో ఇనప పళ్ళెం కింద పడ్డ చప్పుడైంది. ఆరో నిమిషంలో ఎజ్రా గొంతు, "డాక్టరుగారూ, గుండె పడిపోతోందండి." తర్వాత ఏమీ వినబడలేదు. తొమ్మిదో నిమిషం దాటింది. పదకొండోది వచ్చింది. హైమ తలుపు మీద అరచెయ్యి ఆనించింది. తొయ్యలేదు.

పధ్నాలుగో నిమిషంలో తలుపు తెరుచుకుంది.

ఫణిశ్రీ చేతిలో గాజు పళ్ళెం. అందులో ఒకటిన్నర అంగుళాల పుల్ల ఒక్కటే ఉంది. "పెద్దపేగు మొదట్లో అడ్డం పడి ఉంది. వదిలేసి కుట్టేసి ఉంటే రేపు మళ్ళీ ఇదే కథ. అప్పుడు మళ్ళీ కొయ్యడానికి వాడు మిగిలేవాడు కాదు." మాస్కు కిందికి లాక్కుంది. "గుండె తేరుకుంది. మూడు రోజులు ఇక్కడే ఉండాలి. గండం పూర్తిగా గడిచిందనను. కానీ బతికే కుక్కే."



కాసేపటికి లోపలికి రానిచ్చారు. మేస్త్రి పక్కకి పడుకుని ఉన్నాడు, నాలిక బయటికి వేలాడుతోంది, పొట్ట చుట్టూ కట్టు. హైమ చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచింది. కన్ను సగం తెరిచి మూసేశాడు. వెనకనుంచి సీతారామలక్ష్మి, "ఏరా," అంది అంతే. దుప్పటి కింద తోక చివర కదిలింది.

ఈసారి హైమకి ఆలోచించే తీరిక ఉంది. లేచి అత్తగారి వైపు తిరిగింది.

ఈలోపు వరండాలో ఉదయ్ గొంతు పెరిగింది. భయం తీరేసరికి కోపం వచ్చేసిందతనికి. పనిమనిషి సూర్యకళకి ఫోను చేశాడు. "ఎంగిలాకులు పెరట్లో పడెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను? చావుదాకా వెళ్ళొచ్చాడు తెలుసా?"

"నేను పడెయ్యలేదండి బాబుగారూ." స్పీకరులో సూర్యకళ గొంతు బెదురుగా ఉంది. "నిన్న ఆకులన్నీ నేనే ఏరి ఎరువుగుంటలో వేశానండి."

"మరి కుక్కకి బుట్టలెలా వచ్చాయి? కాళ్ళొచ్చి నడిచాయా?"

సూర్యకళ రోజూ తెల్లారకముందే వచ్చి పెరట్లో అంట్లు తోముతుంది. పెరటి మెట్టు మీద ఏం జరిగినా ఆమె కళ్ళ ముందే జరుగుతుంది.

"మామ్మగారు అక్కడున్నారాండి?" అంది.

"ఉంది. ఎందుకు?"

"ఏం లేదండి." గొంతు తగ్గించింది. "నాదే తప్పనుకోండి బాబుగారూ. పోనివ్వండి."

ఎజ్రా అట్ట పట్టుకుని వరండాలోకి వచ్చాడు. కాగితం మీద ఒక గడి నిండింది, రెండోది ఖాళీగా ఉంది. "కేసు కాగితం పూర్తి చెయ్యాలండి. తిన్నది పొట్టిక్కలు, ఆకుతో. పెట్టింది పనిమనిషి అని రాసెయ్యమంటారా?"

"రాయండి," అన్నాడు ఉదయ్.

"రాయకు," అంది సీతారామలక్ష్మి.

గుమ్మంలో నిలబడి ఉందావిడ. పక్కన హైమ. మడిబట్ట అంచుకి కుక్క వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దులుపుకోలేదు.

"ఆ పిల్లని ఏమీ అనకురా," అంది కొడుకుతో. "రోజూ చూస్తూనే ఉంది. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. మీరు లేవకముందే పెరటి మెట్టు దగ్గరికి వస్తాడు. ఏం చేస్తే అది రెండు పెడతాను. దాని పళ్ళెం నేను ముట్టుకోను కదా, మడి. ఆకే పళ్ళెం అనుకుని బుట్టతోనే విసురుతాను. లోపలిది తిని ఆకు వదిలేసేవాడు, నేను కర్రతో తీసేసేదాన్ని. నిన్న నెయ్యి కాచాను. రెండిటి మీదా పోశాను. ఇంతలో హైమ లేచిన చప్పుడైతే తలుపు వేసేశాను. నెయ్యి పట్టిన ఆకు వదల్లేదు కాబోలు. నేను చూళ్ళేదు."

"డాక్టరుగారు అడిగినప్పుడు చెప్పొచ్చు కదా అత్తయ్యగారూ," అంది హైమ. గొంతులో కోపం ఉందో లేదో తనకే తెలియలేదు.

"ఇడ్లీ తింటే కుక్క చస్తుందా అనుకున్నానమ్మా. మందే అనుకున్నాను. ఆ ఫొటో చూశాక..." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "రెండేళ్ళు దాన్ని వెళ్ళగొట్టమన్న నోటితో ఎలా చెప్పను?"

స్పీకరులో సూర్యకళ ఇంకా ఉంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

ఎజ్రా ఇబ్బందిగా కదిలాడు. పెన్ను ఖాళీ గడి మీదే ఉంది. "మరి పెట్టింది ఎవరని రాయమంటారండి?"

సీతారామలక్ష్మి అతని దగ్గరికి నడిచింది. కాగితం మీద వేలు పెట్టి, పక్క గదిలో కుక్కకి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

"ఖండవిల్లి సీతారామలక్ష్మి అని రాయి నాయనా. ఇంటిపేరుతో సహా."